నాలుగు కార్డులతో రేపల్లె దాకా

మద్రాసులో ఎవరైనా సెలవు పెడితే ఊటీకో కొడైకెనాలుకో వెళతారు. నేను రేపల్లె వెళ్ళొచ్చాను. ఈ మాట చెబితే మా వీధిలో వాళ్ళు "అయ్యో, ఎవరైనా పోయారా?" అని అడిగారు. ఎవరూ పోలేదు, నా ఉద్యోగమే పోబోయింది, దాన్ని వెతుక్కుంటూ వెళ్ళాను అని చెప్పడం కష్టం గనక, "గాలి మార్పు కోసం" అని ఊరుకున్నాను. అసలు సంగతి ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

మాది నెల్లూరు, అన్నం పెట్టేది మద్రాసు. అక్కడ ఒక పెద్ద హోటల్లో సాయంత్రాలు జాజ్ వాయించే బ్యాండులో నాది గిటారు. దొరలు వెళ్ళిపోయి ఇరవై ఏళ్ళయినా ఆ హాలుకి ఆ కబురు ఎవరూ చెప్పినట్టు లేదు. పంచె కట్టుకుని వస్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. పాట నచ్చితే రెండు వేళ్ళతో అరచేతిని మెల్లిగా తడతారు. నచ్చకపోయినా అంతే తడతారు. కాబట్టి మేం బాగా వాయించామో లేదో మా లీడరు మెనేజిస్ సార్ ముఖం చూసి తెలుసుకోవాలి. ఆయన గోవా మనిషి, ట్రంపెట్ వాయిస్తారు, పొగడ్తలు మాత్రం పండక్కి కూడా పంచిపెట్టరు.

గిటారు మీద మూడు నాలుగు స్వరాలు కలిపి ఒక్కసారి మోగిస్తే దాన్ని కార్డ్ అంటారు. పైన పాట నడుస్తుంటే కింద ఈ కార్డులు ఒకదాని వెనక ఒకటి మారుతూ ఉంటాయి. నాకు బాగా వచ్చినవి నాలుగు. సీ, ఏ మైనర్, ఎఫ్, జీ, మళ్ళీ సీ. ప్రేమపాటైనా విరహపాటైనా నేను పెట్టే భోజనం ఇదే. ఒకరోజు వాయించడం అయ్యాక మెనేజిస్ సార్ నన్ను పక్కకి పిలిచారు.

"రావ్, నువ్వు టౌను బస్సులా వాయిస్తున్నావయ్యా. రోజూ ఆ నాలుగు స్టాపులే. ఎక్కినవాడికి నిద్రొచ్చేస్తోంది."

తర్వాత అసలు మాట చెప్పారు. వచ్చే శనివారం ఒక కొత్త నెమ్మది పాట మొదలుపెడుతున్నాం. దానికి ముందు కాసేపు గిటారు ఒక్కటే వినిపించాలి. అది విని ఆయన నిద్ర మేలుకుంటే నా కుర్చీ నాకుంటుంది. లేకపోతే బొంబాయి నుంచి ఆయన మేనల్లుడు వస్తాడు, వస్తూ వస్తూ గిటారు కూడా తెచ్చుకుంటాడు.

మా బ్యాండులో డ్రమ్ములు వాయించే పెద్దాయన నా ముఖం చూసి జాలిపడ్డాడు. బాపట్లలో ఆల్బర్ట్ గారని రిటైరైన రైల్వే గార్డు ఉన్నాడనీ, వయసులో కలకత్తా క్లబ్బుల్లో జాజ్ గిటారు వాయించాడనీ, అలాంటి కార్డులు తను మళ్ళీ వినలేదనీ చెప్పాడు. మునిగేవాడికి గడ్డిపోచ కూడా పడవే. అరవై ఎనిమిదిలో శివరాత్రి వెళ్ళిన వారం అది. ఆ రాత్రే గిటారు భుజాన వేసుకుని బండెక్కాను.

బాపట్ల: నాలుగు తీగలు చాలునన్న పెద్దాయన

బాపట్ల స్టేషను బయట జట్కా అతను నా గిటారు సంచీని ముందు నుంచీ వెనక నుంచీ చూశాడు.

"వాయిద్యమేనాండి బాబూ?"

"అవును."

"పెళ్ళికాండి, దినానికాండి?"

రెండూ కాదన్నాను. "మరెందుకండి?" అన్నాడు. మెనేజిస్ సార్ కూడా దాదాపు అదే ప్రశ్న అడిగారని గుర్తొచ్చి బండెక్కాను. అర్ధరూపాయి తీసుకుని, నన్ను ఇసుకలో దింపి వెళ్ళిపోయాడు. అక్కడ ఎక్కడ దిగినా ఇసుకే. మా మద్రాసులో ఇసుక చూడాలంటే సముద్రం ఒడ్డుకి వెళ్ళాలి. బాపట్లలో అదే మనల్ని చూడడానికి ఇళ్ళలోకి వస్తుంది. ఆల్బర్ట్ గారి గుమ్మం దగ్గర రెండు బూట్లూ విప్పి బోర్లిస్తే చిన్నపిల్లలు గుజ్జనగూళ్ళు ఆడుకునేంత ఇసుక రాలింది.

చుట్టూ జీడిమామిడి చెట్లు, మధ్యలో పెంకుటిల్లు. ఆయన లుంగీ, బనీనుతో పడక్కుర్చీలో ఉన్నారు. బనీనుకి పిన్నీసు పెట్టి రైల్వే గడియారం తగిలించుకున్నారు. ఊళ్ళో అందరికీ ఆయన గార్డు దొరగారు. భార్య మేరీ అమ్మగారిది బాపట్లే. ఆయన ఇంగ్లీషులో అడిగితే ఆవిడ తెలుగులో జవాబు చెబుతారు. పోట్లాట వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ తెలుగులోకే దిగుతారు, అందులో సరుకు ఎక్కువ దొరుకుతుందని.

నేను వచ్చిన పని చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి గిటారు తెచ్చారు. దానికి ఆరు తీగలుండాలి, నాలుగే ఉన్నాయి. లావు తీగలు రెండూ తెగిపోయి చాలా ఏళ్ళయిందట. నా సంచీలో కొత్త తీగలున్నాయి, వేసిపెడతానన్నాను.

"వద్దు నాయనా. అవి వేస్తే నేనూ అందరిలాగే వాయిస్తాను" అన్నారు.

అని, నా సీ, ఏ మైనర్, ఎఫ్, జీ లే వాయించారు. నా నాలుగు స్టాపులే. కానీ ఊరు మారిపోయింది. ఒక కార్డ్ పూర్తిగా వెళ్ళకముందే రెండోది వచ్చి దాని పక్కన కూర్చుంటోంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన ఆపి అడిగారు.

"మీ బ్యాండులో బేస్ వాయించేవాడు లేడా?"

"ఉన్నాడండి."

"అడుగు స్వరం వాడు వాయిస్తూనే ఉన్నాడు కదా. మళ్ళీ నువ్వెందుకు వాయించడం? వాడి కంచంలో చెయ్యి పెట్టకు. పై నాలుగు తీగలు నీవి. వాటితో బతుకు."

రెండో పాఠం వేళ్ళ గురించి. నేను కార్డ్ మార్చాలంటే వేళ్ళన్నీ ఎత్తి మళ్ళీ వేస్తాను. ఆయన అది చూసి, "కూర మార్చడానికి ఇల్లు ఖాళీ చేస్తావేంటయ్యా?" అన్నారు. ఒక వేలు జరిపితే చాలు, మిగిలినవి ఉన్నచోటే ఉండాలి. అప్పుడు వినేవాడికి ఏదో మారిందని తెలుస్తుంది, ఏం మారిందో తెలియదు. సరదా అంతా అందులోనే ఉందన్నారు.

మధ్యాహ్నం మేరీ అమ్మగారు రొయ్యల వేపుడు, చింతచిగురు పప్పు పెట్టారు. మా హోటల్లో రొయ్యల్ని గాజు గిన్నె అంచుకి వేలాడదీసి, ముళ్ళచెంచాతో తినమంటారు. అక్కడ మనకి ఇచ్చేవి నాలుగు. మేరీ అమ్మగారు నాలుగు రొయ్యలు నా కంచంలోకి ఊరికే జారవిడిచారు, గరిటె దులుపుతూ.

భోజనం తర్వాత ఆయన ఇంకో సంగతి చెప్పారు. "సీ నీ ఇల్లు అనుకో. అందరూ జీ మీదుగా ఇంటికి చేరతారు. అది రాజవీధి. నువ్వు డి ఫ్లాట్ సెవెన్త్ అనే కార్డ్ మీదుగా రా. అది పెరటి దారి. ఇంటికే వస్తావు, కానీ సరాసరి వంటింట్లో తేలతావు." వాయించి చూశాను. నిజంగానే ఎవరో వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసినట్టయింది.

సాయంత్రానికి అన్నీ వచ్చేశాయనుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని నా వాయింపు విని పెదవి విరిచారు.

"చేతులు నేర్చుకున్నాయి. చెవి ఇంకా టౌను బస్సులోనే ఉంది. ఎందుకు మారుస్తున్నావో తెలియకుండా మారుస్తున్నావు. తెనాలి వెళ్ళి సుభద్రమ్మ గారిని విను."

సుభద్రమ్మ గారంటే నాటకాల్లో రాణి వేషం వేసి పద్యాలు పాడే ఆవిడ. ఈయన తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే బండికి గార్డుగా ఉన్న రోజుల్లో ఆవిడ అదే బండిలో నాటకాలకి వెళ్ళేదట. "వేమూరులో ఒక స్వరం అందుకుంటే భట్టిప్రోలు దాకా వదిలేది కాదు" అన్నారు.

"మధ్యలో ఊపిరి తీసుకునేది కాదాండి?"

"తీసుకునే ఉంటుంది. ఇంజను కూత వేసినప్పుడు."

జాజ్ కోసం వస్తే పద్యాలు వినమంటాడేంటని నాకు లోపల కోపం వచ్చింది. తలనొప్పని వెళితే మోకాలికి మందు రాసినట్టుంది. కానీ మేరీ అమ్మగారు, "తెనాలి ఎంత దూరమండి, బండెక్కి ఒక కునుకు తీసేలోపు వచ్చేస్తుంది" అంటూ జీడిపప్పు పొట్లం కట్టి చేతిలో పెట్టేశారు. పొట్లం పుచ్చుకున్నాక వెళ్ళకపోతే బాగుండదు.

తెనాలి: చచ్చినవాళ్ళు లేచి పాడే ఊరు

తెనాలిలో కాలువ పక్కన ఒక హోటల్లో పెసరట్టు తిన్నాను. మా మద్రాసులో ఏం తిన్నా పైన సాంబారు కుమ్మరిస్తారు, కింద ఏముందో చేత్తో తడుముకుని తెలుసుకోవాలి. ఇక్కడ పెసరట్టు పక్కన అల్లప్పచ్చడి ఇంత ముద్ద పెట్టి ఊరుకున్నారు. ఆ ముద్ద చాలు. మొదటి ముక్కకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రెండోదానికి అలవాటైంది, మూడో అట్టు నేనే అడిగాను. కాఫీతో కలిపి రూపాయి లోపే అయింది.

డబ్బులిస్తూ సుభద్రమ్మ గారి ఇల్లెక్కడని అడిగాను. అడిగింది గల్లా దగ్గర ఆయన్ని. జవాబు హోటలంతా చెప్పింది.

"ఆవిడ గొంతు పోయిందయ్యా" అన్నాడు ఒకాయన.

"నీ చెవులు పోయాయి" అన్నాడు ఇంకొకాయన.

కొలకలూరు నుంచి ఎరువుల కోసం వచ్చిన రైతు ఒకాయన మధ్యలో దూరి, పోయిన ఏడు తమ ఊళ్ళో ఆవిడ పాడితే మూడుసార్లు వన్స్ మోర్ కొట్టామని చెప్పాడు. ఈ వన్స్ మోర్ సంగతి మద్రాసు వాళ్ళకి చెప్పాలి. పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అని అరుస్తారు. అరిస్తే మళ్ళీ పాడి తీరాలి. యుద్ధంలో చచ్చిపోయిన రాజైనా సరే లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం పాడి, మళ్ళీ పడుకుని చచ్చిపోతాడు. ఎవరికీ అభ్యంతరం లేదు. ఒక్కటే షరతు, పాడిన ప్రతిసారీ ముందుకంటే కాస్త పైకి వెళ్ళాలి. అన్నం రెండోసారి వడ్డించినప్పుడు నెయ్యి కూడా వెయ్యాలి కదండి అన్నాడు రైతు.

సుభద్రమ్మ గారు యాభై దాటిన మనిషి. పెద్ద బొట్టు, నిండైన విగ్రహం. ఇంట్లో చేటలో మినుములు చెరుగుతూ కూడా సింహాసనం మీద ఉన్నట్టే కూర్చున్నారు. పక్కన హార్మోనియం ముందు పెట్టుకుని పాపయ్య గారు. ఆవిడ పాడడం మొదలుపెట్టినప్పటి నుంచీ హార్మోనియం ఆయనదే.

"గార్డు దొర పంపాడా? ఇంకా ఆ నాలుగు తీగలేనా?" అని నవ్వారు ఆవిడ. "రేపు రేపల్లెలో ఒక రైసుమిల్లు ప్రారంభం. సాయంత్రం పద్యాలున్నాయి. నువ్వూ రా అబ్బాయి. పాపయ్య పక్కన కూర్చుని విను."

పాపయ్య గారు నా గిటారుని చూసి, తన హార్మోనియాన్ని కాస్త దూరంగా జరుపుకున్నారు.

రేపల్లె బండిలో

మర్నాడు రేపల్లె బండిలో హార్మోనియానికి కిటికీ పక్క సీటు, మాకు మిగిలిన చోటు. జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు, ఎవరూ హార్మోనియాన్ని లేపలేదు. నా గిటారుని మాత్రం ఇద్దరు "కాస్త అవతల పెట్టు బాబూ" అన్నారు. బుట్టలో తేగలు పెట్టుకుని ఒకావిడ ఎక్కింది. సుభద్రమ్మ గారు ఒక కట్ట కొని, ఒకటి ఒలిచి నాకిచ్చి, పీచు ఎలా తియ్యాలో కూడా చూపించారు. సగం తేగ, సగం పీచు తిన్నాను.

వేమూరు దాటాక ఆవిడ స్వరం అందుకున్నారు. ఎవరి కోసమూ కాదు, గొంతు సవరించుకోవడానికి. మెల్లిగా మెట్లెక్కి పంచమం దగ్గరికి వెళ్ళి, అక్కడ నిలబడ్డారు. పెట్టెలో మాటలన్నీ ఆగిపోయాయి. తేగలావిడ బుట్ట మీద చెయ్యి వేసుకుని అలాగే ఉండిపోయింది. మా హోటల్లో ఎంత గొప్ప పాట వాయించినా చెంచాల చప్పుడు ఆగదు.

ఆవిడ అక్కడి నుంచి పైకి వెళతారనుకున్నాను. వెళ్ళలేదు. ఆపి, కిటికీలోంచి కోతలైన చేలవైపు చూశారు.

"ఇదివరకు ఇక్కడి నుంచి పై షడ్జమానికి వెళ్ళేదాన్ని అబ్బాయి. ఇప్పుడు గొంతు ఇక్కడే కూర్చుంటానంటోంది."

"ఇక్కడే చాలా బాగుందండి."

"నీకు బాగుంటుంది. వన్స్ మోర్ అన్నవాళ్ళకి బాగుండదు. ఒకసారి అంటే ఎలాగో గట్టెక్కుతాను. రెండోసారి అంటే పైకి వెళ్ళాలి. వెళ్ళకపోతే రేపల్లెలో ఇంక పిలవరు."

"నేను పెట్టెతో కప్పేస్తాగా అమ్మా, మీకెందుకు?" అన్నారు పాపయ్య గారు, హార్మోనియం మూత మీద తడుతూ.

ఆవిడ కష్టమూ నా కష్టమూ ఒకటేనని అప్పుడు తోచింది. ఇద్దరం ఒకేచోట తిరుగుతున్నాం, ఇద్దరికీ కొత్తచోటు చూపించక తప్పదు. అది తోచినందుకు సుఖమేమీ లేదు. ఇద్దరికీ దారి తెలియదు.

రేపల్లె: కొబ్బరినీళ్ళు, తవుడు

మిల్లు వీర్రాఘవయ్య గారిది. తెల్లటి పంచె, భుజాన కండువా, నోటినిండా నవ్వు. నేనేం చేస్తుంటానో వివరంగా అడిగి తెలుసుకున్నారు.

"శనివారం నాకు మద్రాసులో పనుంది. బియ్యం కొనేవాళ్ళతో మాట్లాడాలి. మీ హోటలుకొచ్చి వింటానండి" అన్నారు.

పంచెతో రానివ్వరని ఇబ్బందిపడుతూ చెప్పాను.

"అదేంటండి? మా ఊళ్ళో ప్యాంటు వేసుకున్నవాణ్ణే ఆపి అడుగుతాం, ఎవరింటికి బాబూ అని" అన్నారాయన.

భోజనాలు బంతులు బంతులుగా సాగాయి. అడవులదీవి నుంచి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్ళ వరసలో నన్ను కూర్చోబెట్టారు. కొత్త బియ్యం అన్నం, ముద్దపప్పు, గోంగూర, మీగడ పెరుగు. మద్రాసులో చాలు అంటే వడ్డన ఆగుతుంది. రేపల్లెలో చాలు అనేది రెండో వాయి మొదలుపెట్టమని సూచన. నేనది ఆలస్యంగా తెలుసుకున్నాను.

తర్వాత యంత్రానికి పూజ. ఇక్కడ పాపయ్య గారికి ఒక సత్సంకల్పం కలిగింది. యంత్రానికి పూజ జరుగుతుంటే పక్కన వాయిద్యానికి జరగకపోతే అరిష్టమన్నారు. హార్మోనియం తెచ్చి యంత్రం కింద అరుగు మీద పెట్టి, మూత తెరిచి, పసుపు కుంకుమ అద్దారు. వీర్రాఘవయ్య గారు కూడా సంతోషించి, యంత్రానికి కొట్టే కొబ్బరికాయ కాస్త అటు జరిగి, రెండింటికీ కలిసొచ్చేలా కొట్టారు. కాయ పెద్దది, నీళ్ళు నిండుగా ఉన్నాయి. అవన్నీ హార్మోనియంలోకి వెళ్ళాయి. పాపయ్య గారు తుడవబోయేలోపు ఎవరో మీట నొక్కారు. పట్టా తిరిగింది, యంత్రం కదిలింది, జనం చప్పట్లు కొట్టారు. గొట్టంలోంచి తవుడు పొగలా లేచి, తడిసిన హార్మోనియం మీద నింపాదిగా పరుచుకుంది.

పాపయ్య గారు తిత్తి నొక్కారు. లోపల నుంచి దున్నపోతు మూలిగినట్టు ఒక్క ధ్వని వచ్చింది. మళ్ళీ నొక్కితే అదీ రాలేదు.

అప్పటికే దీపాలు పెట్టే వేళ అవుతోంది. ధాన్యం ఆరబోసే సిమెంటు గచ్చు మీద జనం కూర్చుని ఉన్నారు. ఎవరో పక్క ఊరికి ఇంకో హార్మోనియం కోసం సైకిలు మీద వెళ్ళారు గానీ, అది వచ్చేసరికి జనం ఉండరు. పాపయ్య గారు తలపట్టుకుని కూర్చున్నారు. సుభద్రమ్మ గారు ఆయన్ని ఒక్క మాట అనలేదు. నా వైపు తిరిగారు.

"నీ దగ్గరున్నది శ్రుతి పలుకుతుందా?"

"పలుకుతుందండి. కానీ నాకు పద్యాలు..."

"పద్యాలు నాకొచ్చు. నువ్వు కూర్చో."

ఆవిడ శ్రుతి నా సీ తో సరిపోవడం దేవుడి దయ. వేదికెక్కాక జనంలోంచి ఒకాయన "అదేంటి, వీణ చిక్కిపోయిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ కొంగు సర్దుకోగానే నవ్వు ఆగిపోయింది.

రాణి తన భర్తని యుద్ధానికి సాగనంపే పద్యం అది. నేను బుద్ధిగా సీ పట్టుకుని మోగిస్తూ ఉన్నాను. ఆవిడ పాడడం అయింది. వన్స్ మోర్ అన్నారు. రెండోసారి ఆవిడ గమకాలు పెంచి, నెయ్యి వేసినట్టే పాడారు. గట్టెక్కాం అనుకుంటుండగా మళ్ళీ వన్స్ మోర్ లేచింది, ఈసారి వెనక వరసల నుంచి కూడా. ముందు వరసలో వీర్రాఘవయ్య గారు అందరికంటే గట్టిగా అరిచారు.

మూడోసారి ఆవిడ మొదలుపెట్టారు. మెట్లెక్కి పంచమం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. జనం మెడలు చాచారు. ఆవిడ మెడ మీద నరం కనిపిస్తోంది నాకు. పైకి వెళ్ళడం లేదు, వెళ్ళలేరు. కిందికి దిగితే అయిపోయినట్టే. ఆ స్వరాన్ని అలా పట్టుకుని, కళ్ళు తిప్పి నన్ను చూశారు. పాపయ్య గారు లేరు కదా, చూడడానికి నేనొక్కణ్ణే ఉన్నాను.

నేను ఆవిణ్ణి పైకి ఎత్తలేను. నా చేతనైంది ఒక వేలు ఎత్తడం. ఎత్తాను. సీ కాస్తా ఏ మైనర్ సెవెన్త్ అయింది. ఆవిడ పాడుతున్నది అదే స్వరం, కానీ అంతవరకు ఇంట్లో ధీమాగా కూర్చున్నది హఠాత్తుగా గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నట్టు వినిపించింది. ఆవిడ కనుబొమ్మ కదిలింది. స్వరం కదల్లేదు. నాకు ధైర్యం వచ్చి ఎఫ్ కి దిగాను. ఇప్పుడా స్వరం ఆ కార్డులో ఎవరికీ చెందకుండా దాని పైన తేలుతోంది. అక్కడి నుంచి ఈ-ఫ్లాట్ అనే కార్డ్. ఆ రాగంలో దానికి చోటు లేదు, రాగం తెలిసినవాళ్ళు లేచి తన్నినా న్యాయమే. కానీ ఆవిడ పంచమం దాని నడుమ వెలిగింది, సాగనంపిన రాణికి భర్త తిరిగిరాడని అప్పుడే తెలిసినట్టుంది. చివరికి గార్డు దొరగారి పెరటి దారి, డి ఫ్లాట్ సెవెన్త్. అక్కడ ఆ స్వరం ఒరుసుకుని, ఇంక నిలవలేనట్టు అయింది. అంతలో సీ కి వచ్చేశాను. ఇల్లు. ఆవిడ స్వరం ఉన్నచోటే ఉంది. మెల్లిగా వదిలారు.

అడవులదీవి వాళ్ళలో ఒక ముసలాయన "అమ్మో" అన్నాడు, ఎవరితోనూ కాదు. తర్వాత వన్స్ మోర్ అని మిల్లు రేకులు అదిరేట్టు అరిచారు.

ఆవిడ నా వైపు వంగి, "నేను కదల్లేదు కదా, ఎక్కడెక్కడికో వెళ్ళొచ్చినట్టుందేంటి?" అన్నారు.

"కింద నేల జరిపానండి."

"మళ్ళీ జరుపు. ఈసారి వేరే ఊరు తీసుకెళ్ళు."

తీసుకెళ్ళాను. ఈసారి ఎందుకు మారుస్తున్నానో నాకు తెలుసు. పైన ఒక మనిషి ఒక స్వరం పట్టుకుని నిలబడి ఉంది, ఆవిడ కోసం మారుస్తున్నాను. ఇన్నేళ్ళూ నేను కార్డుల కోసం కార్డులు మార్చాను, పైన పాడేదాన్ని వినలేదు. అక్కడే, అంతమంది ముందు, సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గెందుకు.

దిగాక పాపయ్య గారు చీపురుపుల్లతో హార్మోనియంలో తవుడు తీసుకుంటూ, "రాగాన్ని అప్రతిష్ఠ పాలు చేశావయ్యా" అన్నారు. తర్వాత పుల్ల పక్కన పెట్టి, "ఆ మూడోదేంటి, ఏ మెట్లు అవి? మెల్లిగా చెప్పు" అన్నారు.

మళ్ళీ బాపట్ల మీదుగా

తిరుగు బండి బాపట్లలో ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద ఆల్బర్ట్ గారు కనిపించారు. రిటైరైనా రోజూ వచ్చి, బండి ఎంత ఆలస్యమో గడియారం చూసి, ఎవరినో తిట్టి ఇంటికి వెళతారట. నా కిటికీ దగ్గరికి వచ్చారు.

"ఆవిడ స్వరం ఎక్కడి దాకా నిలిపింది?"

"ఉన్నచోటే నిలిపారండి. నేనే తిరిగాను."

ఆయన బనీనుకున్న గడియారం చూసుకుని చెయ్యెత్తారు. బండి ఆయన చెయ్యి చూసే కదిలినట్టు కదిలింది.

మద్రాసు: శనివారం

హాల్లో దీపాలు తగ్గించారు. ముందు బల్ల దగ్గర మెనేజిస్ సార్ మేనల్లుడు కూర్చుని ఉన్నాడు, బొంబాయి కోటు వేసుకుని. పక్కన అతని గిటారు పెట్టె, తాళం తీసి సిద్ధంగా ఉంది. కళ్ళు మూసుకుని వేమూరు దాటిన బండిని తలుచుకున్నాను.

సన్న తీగ మీద చిటికెనవేలితో ఒక్క స్వరం పట్టుకున్నాను, ఆవిడ పంచమమే. దాన్ని వదలకుండా కింద ఒక్కొక్క వేలే జరుపుకుంటూ వెళ్ళాను. గుమ్మం దాకా, గుమ్మం దాటి, ఎవరూ తిరిగిరాని చోటు దాకా, అక్కడి నుంచి పెరటి దారిన ఇంటికి. మధ్యలో ఎక్కడో చెంచాల చప్పుడు ఆగిందని ఆపాకే గమనించాను.

అరచేతుల మీద రెండేసి వేళ్ళు తట్టాయి. మెనేజిస్ సార్ ముఖం చూశాను. ఏమీ తెలియలేదు. ఆయన మేనల్లుడి ముఖం చూస్తున్నారు.

అప్పుడు హాలు చివర, చీకటి బల్ల దగ్గర నుంచి ఒక గొంతు లేచింది.

"వన్స్ మోర్!"

ఆ హాలు కట్టినప్పటి నుంచీ అందులో ఎవరూ అలా అరిచి ఉండరు. అందరూ వెనక్కి తిరిగారు. వీర్రాఘవయ్య గారు లేచి నిలబడి ఉన్నారు. ఎవరిదో ప్యాంటు, చీలమండల పైకే ఆగిపోయింది. భుజాన కండువా మాత్రం తనదే. బేరరు ఆయన్ని కూర్చోమని బతిమాలుతున్నాడు. ఆయన వాణ్ణి పక్కకి జరిపి మళ్ళీ అరిచారు.

"ఎందుకు అరుస్తున్నాడు ఆయన?" అన్నారు మెనేజిస్ సార్ నా చెవిలో.

"మళ్ళీ వాయించమంటున్నారు సార్."

"మళ్ళీ అదేనా?"

"పైన అదే సార్. కింద వేరే దారిన వెళతాను."

ఆయన ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ నా వైపు తిప్పుకుని కూర్చున్నారు. ముందు బల్ల దగ్గర మేనల్లుడు తన గిటారు పెట్టె మూసి తాళం వేసుకుంటున్నాడు.

"అలా ఎన్నిసార్లు మార్చగలవు?" అన్నారు మెనేజిస్ సార్.

"రేపల్లె వాళ్ళు అడగడం ఆపేదాకా సార్" అన్నాను.